సెట్, రన్: ఏది పెద్ద మాట?

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో పెద్దరికం ‘సెట్’దే, దాదాపు 430 అర్థాలతో. తర్వాతి సవరణలో ‘రన్’ క్రియగానే 645కు చేరి దాన్ని దాటేసింది.

సెట్‌ది కుదురుకునే స్వభావం. సూర్యుడు అస్తమించినా, సిమెంటు గట్టిపడినా, బల్ల మీద కంచాలు అమర్చినా అదే మాట. రన్‌కు నిలకడ లేదు. నది పారుతుంది, ముక్కు కారుతుంది, యంత్రం నడుస్తుంది, సినిమా ఆడుతుంది: మనకు నాలుగు క్రియలు, వాళ్లకు ఒక్కటే! యంత్రాలు, ఆపైన కంప్యూటర్లు వచ్చి దాని పని ఇంకా పెంచాయి. ఎన్నికల్లో అమెరికా అభ్యర్థి ‘పరిగెత్తుతాడు’; బ్రిటన్ అభ్యర్థి, మనవాడిలాగే, నిలబడతాడు.

తెలుగులోకి వచ్చాక మాత్రం నా లెక్కలో సెట్‌దే గెలుపు. సినిమా సెట్, నగల సెట్, చివరికి పెళ్లి సంబంధమూ ‘సెట్’ అవుతోంది. రన్ క్రికెట్ మైదానం దాటడమే తక్కువ. అక్కడా ‘పరుగు’ పోటీకి ఉంది.