కోఠీ పాత పుస్తకాల దుకాణాలు: ఇంజనీరింగ్ విద్యార్థికి ఎంత కలిసివస్తుంది?

మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పుస్తకాల జాబితా పట్టుకుని, సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్‌లో దిగి, కోఠీలోని పాత పుస్తకాల దుకాణాలలో ఒక పూటంతా తిరిగాము. కొత్తవి కొంటే 2,900 రూపాయలయ్యే ఐదు పుస్తకాలు, బేరమాడిన తరువాత, 1,250 రూపాయలకు వచ్చాయి.

ఇక్కడి దుకాణదారులు పుస్తకం పేరు కన్నా ముందు "ఆర్18నా, ఆర్22నా?" అని అడుగుతారు. ఇవి జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం) రెగ్యులేషన్ల, అంటే పాఠ్యప్రణాళికల, పేర్లు. రెగ్యులేషన్ మారితే యూనిట్ల వరుస మారుతుంది కనుక, పాత రెగ్యులేషన్ గైడు ఎంత చవకగా ఇచ్చినా కొనకూడదు. గణితం, సర్క్యూట్ల వంటి ప్రామాణిక గ్రంథాల విషయం వేరు. వాటి పాత ఎడిషన్‌తో దాదాపు పని జరిగిపోతుంది, అభ్యాసాల అంకెలు మాత్రం కొత్తదానితో సరిచూసుకోవాలి.

మేము కొన్న గణితం పుస్తకం మొదటి పేజీలో ముగ్గురి పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి, పై రెండూ కొట్టివేసి ఉన్నాయి. లాప్లాస్ పరివర్తనల అధ్యాయంలో ఎవరో పెన్సిల్‌తో "ఇది తప్పక వస్తుంది" అని రాసిపెట్టారు. కొత్త పుస్తకానికి ఈ సౌకర్యం లేదు!

అయితే ఒక దుకాణంలో తీసుకున్న డిజిటల్ లాజిక్ పుస్తకంలో పదహారు పేజీలు లేవని ఇంటికి వచ్చాకే తెలిసింది. మరునాడు వెళ్తే, "చూసుకునే కొన్నారు కదా" అన్నారు. గట్టిగా అడిగితే వేరే ప్రతి ఇచ్చారు. బైండింగ్ విప్పి కుట్టిన పుస్తకమైతే అక్కడే నిలబడి పేజీలు తిరగవేసి అంకెలు సరిచూసుకోవడం మంచిది. పాతవాటి మధ్య నకిలీ ముద్రణలు కూడా కలిసి ఉంటాయి. పలుచని కాగితం, అలుక్కుపోయిన బొమ్మలు చూస్తే పోల్చుకోవచ్చు.

తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివేవారికి ఇంత తిరుగుడు అవసరం లేదనుకుంటాను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పుస్తకాలు కొత్తవే తక్కువ ధరకు దొరుకుతాయి. మా జాబితాలోని ఆరో పుస్తకం కోఠీలో దొరకలేదు. ఐఐటీల ఆన్‌లైన్ వీడియో పాఠాలైన ఎన్‌పీటెల్ ఉచితమే, ధ్రువపత్రం కావాలంటేనే పరీక్ష రుసుము కట్టాలి కనుక, ఆ సబ్జెక్టుకు వాటితోనే సరిపెట్టుకుంటున్నాము.

సెమిస్టర్ ముగిశాక తెచ్చి ఇస్తే కొన్న ధరలో సగం ఇస్తామని ఒక దుకాణదారు మాట ఇచ్చి, వెనుక అట్ట మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. రసీదు అడిగితే నవ్వి, ఆ గుర్తే చూపించారు.