హన్మకొండలో రూఫ్‌టాప్ సోలార్: పనికి నాలుగు స్టార్లు, మాటలకు రెండు

షాపు పేరు అడగకండి. హన్మకొండలోదే, మా డాబా మీద మూడు కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (లైన్ కరెంటుకు కలిపి నడిచే) సిస్టం బిగించింది వాళ్లే.

ఫిట్టింగ్‌కు వంక పెట్టలేం. ఇక్కడ కోతుల బెడద ఎట్లుంటదో తెలిసిందే కదా, వైర్లు ఎక్కడా వేలాడకుండా మొత్తం పైపుల్లో వేయమంటే విసుక్కోకుండా వేశారు. స్ట్రక్చర్ మనిషి ఎత్తుకు లేపారు కాబట్టి కింద బట్టలు ఆరేసుకోవచ్చు, వడియాలకు ఎండ లేకుండా చేశారని ఇంట్లో మాత్రం ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు. ఎండ గట్టిగా ఉంటే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తోంది, ముసురు పట్టిందంటే అందులో సగం కూడా కష్టమే. కేంద్రం సబ్సిడీ 78,000 రూపాయలు. అయితే మన దేశంలో తయారైన డీసీఆర్ ప్యానెళ్లయితేనే ఇస్తారు, బిల్లు మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

ఇక మాటలు. ఎవరు కొటేషన్ అడిగినా షాపాయన డెన్మార్క్ ముచ్చట ఎత్తుతాడు. "ఓర్‌స్టెడ్ అని కంపెనీ ఉంది సార్, బొగ్గు బంద్ పెట్టి మొత్తం గాలి కరెంటుకు మారింది, ఇగ మన రామగుండం బొగ్గు ప్లాంటు పని కూడా అయిపోయినట్టే" అంటాడు. మాది గోదావరిఖని, మా బాపు సింగరేణిలో బొగ్గు బాయి పని చేసి రిటైరైన మనిషి. పక్కనే కూర్చుని అంతా విని, "మరి రాత్రి ఫ్యాను దేంతోటి తిరుగుతది?" అన్నాడు. దానికి షాపాయన నవ్వి ఇంకో బ్రోచర్ తీశాడు.

చెప్పింది అబద్ధమేం కాదు, సగమే చెప్పాడు. 2017 దాకా ఆ ఓర్‌స్టెడ్ పేరు డాంగ్ ఎనర్జీ, మెజారిటీ వాటా ఇప్పటికీ డెన్మార్క్ ప్రభుత్వానిదే. ఉత్పత్తిలో 85 శాతం శిలాజ ఇంధనాలే ఉన్న కంపెనీ, 2040 నాటికి వాటిని 15 శాతానికి తెస్తానని 2009లో చెప్పి, 2019కే చేసి చూపించింది, ఒప్పుకోవాల్సిందే. కానీ అదంతా గాలి ఒక్కటే చేసిన పని కాదు, బొగ్గు కాల్చిన ప్లాంట్లలోనే కట్టె గుళికలు కాల్చడం కూడా ఆ లెక్కలో ఉంది. 2022లో గ్యాస్‌కు కటకట వచ్చి యూరప్ అంతా టెన్షన్ పడుతుంటే, బొగ్గు యూనిట్లను నడపమని అక్కడి ప్రభుత్వమే ఆదేశించింది. చివరి బొగ్గు ప్లాంటు ఎస్‌బెర్గ్‌లో మూతపడింది 2024 ఆగస్టులో. పైగా వాళ్లకు గాలి పడిపోతే నార్వే నుంచి జలవిద్యుత్ తెచ్చుకునే లైన్లున్నాయి, మనకు పొద్దుగూకితే ఎక్కువగా రామగుండం, చెల్పూరు బొగ్గు ప్లాంట్లే దిక్కు. రామగుండం రిజర్వాయర్ మీద ఎన్టీపీసీ తేలే సోలార్ పెట్టింది నిజమే, 2022లో పూర్తయింది, 100 మెగావాట్లు. పక్కనున్న పాత బొగ్గు ప్లాంటు ఒక్కటే 2,600.

సిస్టం విషయంలోనూ అదే అలవాటు. లైన్ కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నమైనా సరే. లేకపోతే మన ప్యానెళ్ల కరెంటు లైన్‌లోకి వెళ్లి స్తంభం మీదున్న మనిషికి షాక్ కొడుతుంది, కాబట్టి ఆ ఏర్పాటు ఉండాల్సిందే. కానీ డబ్బు కట్టకముందు చెప్పాలి కదా! మాకు చెప్పింది బిగించడానికొచ్చిన పిల్లగాడు, అదీ పని అయిపోయాక. బ్యాకప్ కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ తీసుకోవాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. నెట్ మీటర్ (లైన్ నుంచి తీసుకున్న కరెంటు, లైన్‌కు ఇచ్చిన కరెంటు రెండూ లెక్కగట్టే మీటరు) దరఖాస్తు కూడా షాపు టేబుల్ మీదే పడి ఉంది, వెళ్లి గట్టిగా అడిగాకే కదిలింది.

ఇంత చెప్పినా ఫిట్టింగ్ కోసం మా తమ్ముడికి ఆ షాపే చెప్తా. ఎర్తింగ్, వైరింగ్, నెట్ మీటర్ పని అన్నీ ధరలోనే ఉన్నట్టు కొటేషన్ మీద రాయించుకోండి, బేరం కూడా ఆడండి, తగ్గిస్తాడు.