తాష్కెంట్‌లో పఖ్తాకోర్ స్మారకం: 70 డాలర్ల గైడు, 22,000 సోమ్‌ల టాక్సీ

ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్ వెళ్లేవాళ్లకు ముందే ఒక మాట చెప్పేస్తాను. పఖ్తాకోర్ ఫుట్‌బాల్ జట్టు స్మారకం ఉన్న బొత్కిన్ శ్మశానం చూడటానికి గైడు అక్కర్లేదు. మేం ఆ పనికి 70 డాలర్లు, అంటే దాదాపు 5,900 రూపాయలు పోసి ఒక రోజంతా పాడు చేసుకున్నాం. రెండు రోజుల తర్వాత 22,000 సోమ్‌ల టాక్సీలో వెళ్లి హాయిగా చూసొచ్చాం, మన లెక్కలో 150 రూపాయల లోపే. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

అసలు వెళ్లింది బాబాయి మనవరాలి కోసం. సమర్‌కంద్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. అక్కడ మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు, కాలేజీ చుట్టుపక్కల తెలుగు వినపడని వీధి లేదు. బాబాయికి 68 ఏళ్లు. బేగంపేట విమానాశ్రయంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ప్రయాణం ఖాయమవగానే ఆయన అడిగింది ఒకటే: "ఒరేయ్, సమర్‌కంద్ గుళ్లూ గోపురాలూ మీరు చూసుకోండి. నాకు తాష్కెంట్‌లో ఆ ఫుట్‌బాల్ జట్టు స్మారకం చూపించు చాలు."

ఆ జట్టు పేరు పఖ్తాకోర్. ఉజ్బెక్ భాషలో పత్తి రైతు అని. 1979 ఆగస్టు 11న ఆ జట్టువాళ్లు 17 మంది మిన్స్క్‌లో మ్యాచ్ ఆడటానికి టీయూ-134 విమానంలో బయల్దేరారు. దారిలో దొనెత్స్క్‌లో దిగి మళ్లీ లేచాక, ఉక్రెయిన్‌లోని ద్నెప్రొజెర్జిన్‌స్క్ ఊరి పైన, 8,400 మీటర్ల ఎత్తులో, మబ్బుల్లో ఇంకో టీయూ-134ను ఢీకొన్నారు. ఆ రెండోది చెల్యాబిన్‌స్క్ నుంచి కిషినేవ్ వెళ్తోంది. రెండు విమానాల్లో కలిపి 178 మంది. ఒక్కరూ మిగల్లేదు.

ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఈ-వీసా మనిషికి 20 డాలర్లు, ఢిల్లీ నుంచి మూడు గంటలు, ఇమిగ్రేషన్‌లో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

లాడ్జి మాత్రం దారుణం. ఫొటోల్లో దానిమ్మ చెట్టున్న పెరడు, కిటికీలోంచి ఎండ. తీరా వెళ్తే మాకిచ్చింది మెట్ల కింద గది, కిటికీ తీస్తే పక్కింటి గోడ. రాత్రికి 38 డాలర్లని బుక్ చేసుకుంటే, దిగాక రిజిస్ట్రేషన్ కాగితం కోసం మనిషికి మరో 15 డాలర్లు అడిగాడు. విదేశీయుల బసకు నమోదు అక్కడి నిబంధనే, నిజమే, కానీ ఆ రుసుము సంగతి బుకింగ్‌లో ఎక్కడా లేదు. సమర్‌కంద్‌లో దిగిన చోట అదే కాగితానికి పైసా తీసుకోలేదు. రాత్రి తొమ్మిదింటికి చన్నీళ్లే. అక్టోబరులో అక్కడి రాత్రుళ్లు మన డిసెంబరు కన్నా చలి, పెద్దాయన ఆ నీళ్లతో ముఖం కడుక్కుని ఒక్క మాటా అనకుండా పడుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. బుక్ చేసే ముందు నమోదు రుసుము ఎంతో, వేడినీళ్లు ఎప్పటిదాకా వస్తాయో రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి.

ఆ లాడ్జివాడే గైడును అంటగట్టాడు. సోవియట్ కాలపు తాష్కెంట్, మెట్రో, పఖ్తాకోర్ స్మారకం, అన్నీ కలిపి 70 డాలర్లు. పొద్దున్నే "ఫుట్‌బాల్ జట్టు, విమాన ప్రమాదం, శ్మశానం" అని ఇంగ్లిష్‌లో రెండుసార్లు చెప్పాను. అతను ఫోన్ చూసుకుంటూ "ఓకే ఓకే" అన్నాడు. మెట్రో స్టేషన్లు చూపించాడు, అద్భుతంగా ఉన్నాయి, కానీ టికెట్టు మనిషికి 20 రూపాయలు కూడా దాటలేదు, దానికి గైడెందుకు? పఖ్తాకోర్ పేరుతో ఒక స్టేషనే ఉంది, గోడల మీద పత్తి పూల మొజాయిక్ దగ్గర బాబాయి చాలాసేపు నిలబడ్డారు. తర్వాత మమ్మల్ని కారెక్కించుకుని పాతబస్తీ వైపు చిగతాయ్ శ్మశానానికి తీసుకెళ్లాడు. అది ఉజ్బెక్ రచయితలు, కళాకారుల సమాధులున్న చోటు. ప్రశాంతంగా, అందంగా ఉంది, కాదనను. కానీ మేం వెతుకుతున్నది అది కాదు. గంటసేపు తిప్పి, చివరికి "ఇక్కడ లేరేమో" అని చేతులెత్తేశాడు. బొత్కిన్‌కు వెళ్దామంటే టైం అయిపోయింది, ఇంకో 25 డాలర్లు అన్నాడు. నేను గొడవ పడబోతుంటే బాబాయే ఆపారు.

కారులో తిరిగొస్తూ ఆయన అన్న మాట నాకు గుర్తుండిపోయింది. "తప్పు మనదీ ఉందిరా. అతను సరే అన్నాడు గానీ, ఏ చోటికి సరే అన్నాడో మనం తిరిగి చెప్పించుకోలేదు. మా ఉద్యోగంలో మొదటి పాఠం అదే."

ఆ రాత్రి అదే చన్నీళ్ల గదిలో 1979 ప్రమాదం ఎలా జరిగిందో విడమర్చి చెప్పారు. ఆ రెండు విమానాలనూ చూస్తున్నది ఖార్కివ్ కంట్రోల్ కేంద్రం. ఆ రోజు ఒక పెద్ద నాయకుడి ప్రయాణం కోసం ఆకాశంలో ఒక దారి మూసేశారని చెబుతారు, దాంతో మామూలు విమానాలన్నీ మిగిలిన దారుల్లో కిక్కిరిశాయి. రద్దీ సెక్టార్‌లో కూర్చోబెట్టింది 20 ఏళ్ల కుర్రాణ్ని. రెండు విమానాలూ దారులు కలిసే చోటికి వేర్వేరు నిమిషాల్లో వస్తాయని అతని లెక్క. ఆ లెక్క తప్పిందని పై కంట్రోలర్ చివర్లో గమనించి ఒకదాన్ని పైకి ఎక్కమన్నాడు. రేడియోలో గరగరల మధ్య ఒక జవాబు వినపడింది. తాను చెప్పిన విమానమే జవాబిచ్చిందనుకున్నాడు. అది ఇంకో విమానం ఇచ్చిన జవాబు. ఇద్దరు కంట్రోలర్లకూ 15 ఏళ్ల చొప్పున జైలు వేశారు.

"ఆ కుర్రాడికి 20 ఏళ్లురా," అన్నారు బాబాయి. "నా మొదటి పోస్టింగులో నన్నొక్కణ్నీ మైకు దగ్గర కూర్చోబెట్టడానికే నెలలు పట్టింది." దారి మూసినవాణ్ని, ఆ సీట్లో కూర్చోబెట్టినవాణ్ని ఎవరు అడిగారన్నది ఆయన బాధ. నాకూ అదే అనిపించింది.

మనకూ ఇలాంటిది ఉంది కదా. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన సౌదీ బోయింగ్ 747, కజకిస్తాన్ ఇల్యూషిన్-76 ఢీకొని 349 మంది పోయారు. ఇల్యూషిన్‌ను 15,000 అడుగుల దగ్గర ఆగమన్నారు, అది ఇంకా కిందికి దిగింది. సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడం ఒక కారణం. ఢిల్లీకి వచ్చేవీ పోయేవీ అప్పట్లో ఒకే దారిలో నడవడం ఇంకో ఇబ్బంది. ఎదురుగా వచ్చే విమానాన్ని పసిగట్టి హెచ్చరించే పరికరం మన దగ్గర తప్పనిసరి అయ్యింది ఆ తర్వాతే. బాబాయి అప్పుడు డ్యూటీలో ఉన్నారు, హైదరాబాద్‌లో. ఆ సాయంత్రం టవర్‌లో ఎవరూ టీ కూడా తాగలేదట.

సమర్‌కంద్‌కు అఫ్రోసియోబ్ రైలు, రెండు గంటల పైచిలుకు, సమయానికి తీసుకెళ్లి సమయానికి దింపింది. టికెట్లు మాత్రం వారాల ముందే కొనుక్కోండి, త్వరగా అయిపోతాయి. రైల్లో బాబాయి ఇంకో ప్రమాదం చెప్పారు. ఈ దేశపు ఎడారిలోనే, ఉచ్‌కుదుక్ దగ్గర, 1985 జులై 10న కార్షి నుంచి బయల్దేరిన టీయూ-154 కూలి 200 మంది పోయారు. సోవియట్ విమానయానంలో అంతకు మించిన ప్రాణనష్టం లేదు. 11,600 మీటర్ల ఎత్తులో వేగం పడిపోతోందని అలసిపోయిన సిబ్బంది గుర్తించలేదు. విమానం అదిరితే ఇంజిన్ల గోల అనుకుని వాటి శక్తి ఇంకా తగ్గించారు, అంతే, గింగిరాలు తిరుగుతూ పడిపోయింది. ఎగరడానికి ముందు వాళ్లకు సరైన విశ్రాంతే లేదు. ఇలాంటివి అప్పట్లో జనానికి చెప్పేవాళ్లు కాదు. పఖ్తాకోర్ సంగతి బయటికొచ్చింది అందులో పేరున్న ఆటగాళ్లు ఉన్నందుకే.

తిరుగు ప్రయాణంలో మనవరాలు కూడా తాష్కెంట్ దాకా వచ్చింది, దానికి రష్యన్ వచ్చు. బొత్కిన్ శ్మశానం గేటు దగ్గర ఒక ముసలావిడ కార్నేషన్ పువ్వులు అమ్ముతోంది, ఒక్కోటి 10,000 సోమ్‌లు. ఐదు ఇమ్మన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఆరు తీసి, కాగితంలో చుట్టింది. ఎక్కువ అంటగడుతోందని నాకు చిర్రెత్తింది, అప్పటికే రెండుసార్లు మోసపోయి ఉన్నాను కదా. అంతలో మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. "మామయ్యా, చనిపోయినవాళ్లకు సరిసంఖ్యలోనే ఇవ్వాలట. బేసి సంఖ్య పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు." ఆవిడ ఐదు పువ్వుల డబ్బులే తీసుకుంది. ఆరోది తన తరఫున అట.

లోపల పాత చర్చి ఉంది, దాని చుట్టూ చెట్లు, రాలిన ఆకులు చీలమండల దాకా. ఊడుస్తున్న ఒకాయన్ని మనవరాలు "పఖ్తాకోర్" అని అడగ్గానే చీపురు పక్కన పెట్టి ముందు నడిచాడు. స్మారకం దగ్గరికి రాగానే జేబులోంచి గుడ్డ తీసి, నీళ్ల సీసాతో తడిపి, పేర్ల మీద దుమ్ము తుడిచాడు, ఒక్కో వరుస, పై నుంచి కిందికి. తడిసిన అక్షరాలు నల్లగా తేలుతుంటే మనవరాలు గట్టిగా చదివింది. వ్లదీమిర్ ఫ్యోదరొవ్, 1976 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినవాడు. మిఖాయిల్ ఆన్, గాయంతో ఉండి కూడా జట్టుతో వెళ్లినవాడు. ఆ ప్రమాదం తర్వాత మిగతా క్లబ్బులు తమ ఆటగాళ్లను పఖ్తాకోర్‌కు ఇచ్చాయట, మూడేళ్లు ఓడినా కింది లీగ్‌కు దింపకూడదని నిర్ణయించారట. ఆ ఊడ్చే పెద్దాయన ఇదంతా చేతులు తిప్పుతూ చెప్పాడు. 50,000 సోమ్‌లు ఇవ్వబోతే రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని వద్దన్నాడు. బాబాయి ఆ చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బయటికొచ్చాక టీవీ టవర్ దగ్గర ప్లోవ్ సెంటర్‌లో తిన్నాం. పెద్ద పెద్ద కళాయిల్లో అన్నం, క్యారెట్, మాంసం కలిపి వండుతారు. పైన గుర్రపు మాంసం ముక్కలు పెడతారు, వద్దనుకుంటే వడ్డించే ముందే చెప్పాలి. ముగ్గురికీ కలిపి 165,000 సోమ్‌లు, 1,100 రూపాయలు. ఆ వారంలో బాబాయి రెండోసారి వడ్డించుకున్నది అక్కడే.

సాయంత్రం విమానాశ్రయానికి టాక్సీ ఎక్కాం. మనవరాలు డ్రైవరుకు ఏ టెర్మినలో చెప్పింది. అతను "పోన్యల్" అన్నాడు, అర్థమైందని. బాబాయి ముందు సీట్లోకి వంగి, మధ్యాహ్నమే మనవరాలి దగ్గర నేర్చుకున్న ఒక్క రష్యన్ మాట, "పఫ్తరీత్యే" అన్నారు, తిరిగి చెప్పమని. డ్రైవరు ఆయన వంక ఒకసారి చూసి, టెర్మినల్ పేరు మళ్లీ చెప్పాడు. అప్పుడు బాబాయి సీటు బెల్టు పెట్టుకున్నారు.