షార్‌ను తెలుసుకోవాలంటే: ప్రయోగం రోజా, అంతరిక్ష వారోత్సవాలా? ఏది మేలు?

మనమంతా షార్ అని పిలుచుకునే సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రం తోచినప్పుడు వెళ్లి చూసి రాగలిగే చోటు కాదు. ఒక పక్క పులికాట్ సరస్సు, మరో పక్క బంగాళాఖాతం ఉన్న శ్రీహరికోటలో గట్టి కాపలా మధ్య ఆ కేంద్రం పనిచేస్తుంది కనుక, జనానికి అవకాశమిచ్చే సందర్భాలు చూసుకునే మన ప్రయాణం పెట్టుకోవాలి. అలాంటివి ప్రధానంగా రెండు. మొదటిది రాకెట్ ప్రయోగం రోజు. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్నవారు వీక్షణ గ్యాలరీలో కూర్చుని ప్రయోగాన్ని కళ్లారా చూడవచ్చు. 2019 ఏప్రిల్ 1న జరిగిన పీఎస్‌ఎల్‌వీ-సీ45 ప్రయోగంతో ఈ సౌకర్యం మొదలైంది. రెండోది ఏటా అక్టోబరు 4 నుంచి 10 వరకు జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు. అప్పుడు షార్ శాస్త్రవేత్తలే నమూనాలు వెంటబెట్టుకుని ఊళ్లకు వచ్చి, విద్యాసంస్థల్లో ప్రదర్శనలు, ప్రసంగాలు, పోటీలు నిర్వహిస్తారు. ఒక్కదానికే వీలున్న కుటుంబం, అందులోనూ బడికి వెళ్లే పిల్లలున్న కుటుంబం, ఏది ఎంచుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న. రెండింటిలోనూ జనం కిక్కిరిసి ఉంటారన్నది ముందే మనసులో పెట్టుకోవాలి.

ప్రయోగం ఇచ్చే అనుభవానికి మరేదీ సాటి రాదన్నది నిస్సందేహం. పీఎస్‌ఎల్‌వీ దాదాపు 44 మీటర్ల ఎత్తు, 320 టన్నుల బరువు ఉంటుంది. ఆ అంకెలు పుస్తకంలో చదివినప్పుడు అంకెలుగానే మిగిలిపోతాయి. గ్యాలరీలో కూర్చున్నవారికి ముందుగా చెట్ల పైన మంట కనిపిస్తుంది, రాకెట్ లేస్తుంది, కానీ శబ్దం ఉండదు. ధ్వని కిలోమీటరు దూరం దాటడానికి ఇంచుమించు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి, కొన్ని కిలోమీటర్ల అవతలి నుంచి ఆ ఉరుము మనల్ని చేరేసరికి రాకెట్ అప్పటికే పైకి లేచి ఉంటుంది. ఆ తరువాత వచ్చే ఫటఫటమనే మోత చెవులతో పాటు ఛాతీకీ తెలుస్తుంది. కాంతి వేగానికీ ధ్వని వేగానికీ ఉన్న తేడాను ఏ పాఠమూ ఇంత గట్టిగా చెప్పలేదు. అయితే ఆ మొత్తం దృశ్యం కొద్ది నిమిషాలే. రాకెట్‌ను నేల మీంచి లేపే అడుగు భాగం, అంటే మొదటి దశ, మండేది రెండు నిమిషాల లోపే. ఆకాశం మబ్బు పట్టి ఉంటే రాకెట్ కొన్ని సెకన్లలోనే కనుమరుగవుతుంది, ఆపై గ్యాలరీలోని పెద్ద తెర మీద చూడవలసిందే.

అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు, ప్రయోగం అనుకున్న వేళకు జరుగుతుందన్న పూచీ లేకపోవడం. 2019 జులై 15న తెల్లవారుజామున చంద్రయాన్-2 కోసం దేశమంతా మేలుకుని ఉండగా, ఇంకా 56 నిమిషాలు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. మళ్లీ అది నింగికెగసింది వారం తరువాత, జులై 22న. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ తొలి పరీక్షా వాహనాన్ని కంప్యూటరే చివరి ఐదు సెకన్ల దగ్గర నిలిపివేసింది. లోపం గుర్తించి సరిచేశాక అదే రోజు ఉదయం పది గంటలకు అది బయలుదేరింది. ఆపడం తెలిసిన వ్యవస్థ కాబట్టే దాన్ని నమ్మగలుగుతున్నాం. దూరం నుంచి సెలవు పెట్టుకుని, పిల్లల్ని తీసుకుని వచ్చినవారికి మాత్రం ఆ వారం రోజుల తేడా అంటే ప్రయాణమంతా వృథా కావడమే. పైగా సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యగా సాగే సుమారు 18 కిలోమీటర్ల దారి మీదే రాకపోకలన్నీ జరగాలి కనుక, ప్రయోగం ముగిసిన వెంటనే అందరూ ఒకేసారి బయలుదేరితే తిరుగు ప్రయాణానికి ఎంత సేపు పడుతుందో చెప్పడం కష్టం. నడక కష్టమైన పెద్దలనూ, ఎండకు తాళలేని పసిపిల్లలనూ ఆ రోజు వెంట తీసుకురావద్దనే నేను చెబుతాను. ఒకవేళ శీతాకాలంలో వచ్చి ప్రయోగం వాయిదా పడితే, దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో గూళ్లు కట్టుకునే గూడబాతులను చూసి వెళ్లడం మంచిది, పిల్లలు ఉత్త చేతులతో తిరిగి వెళ్లరు.

ఇక వారోత్సవాల సంగతి. 1957 అక్టోబరు 4న తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ కక్ష్యలోకి చేరింది, 1967 అక్టోబరు 10న అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య రోజులను ఐక్యరాజ్యసమితి 1999లో ఈ వేడుకకు కేటాయించింది. ప్రదర్శనలో నిజమైన రాకెట్ ఉండదు, మంట ఉండదు, ఉండేవి నమూనాలు, చిత్రపటాలు, విడిభాగాలు. ఈ మాట విని చాలామంది పెదవి విరుస్తారు. వారు లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది: ఆ నమూనా పక్కన నిలబడే మనిషి. గ్యాలరీలో మనకూ రాకెట్‌కూ మధ్య కిలోమీటర్ల దూరం ఉంటుంది, దాన్ని తయారుచేసినవారు కంట్రోల్ సెంటర్‌లో తలమునకలై ఉంటారు. ప్రదర్శనలో ఆ పని చేసే మనిషే మన ఎదుట బల్లకు అవతల ఉంటారు, తీరిక కూడా ఉంటుంది.

ఒక ప్రదర్శనలో ఘన ఇంధన మోటారు అడ్డకోత నమూనా దగ్గర ఒక అమ్మాయి ఆగి, మధ్యలో రంధ్రం గుండ్రంగా కాకుండా నక్షత్రం ఆకారంలో ఎందుకుందని అడిగింది. అక్కడున్న ఇంజనీరు నేరుగా జవాబు చెప్పలేదు. కాగితం మీద ఒక వృత్తం, ఒక నక్షత్రం గీసి, రెండింటి అంచుల వెంట వేలు నడిపించి ఏది పొడవో చెప్పమన్నారు. నక్షత్రానిదే పొడవని ఆ అమ్మాయి అన్నాక, ఇంధనం అంచునుంచే మండుతుందనీ, అంచు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ వాయువు, రాకెట్‌ను పైకి నెట్టే తోపు (థ్రస్ట్) అంత ఎక్కువగా పుడతాయనీ, నేల విడిచే క్షణంలో ఆ తోపే కావాలనీ వివరించారు. అది రబ్బరు వంటి పదార్థంలో అల్యూమినియం పొడి, ఆక్సిజన్‌ను అందించే అమ్మోనియం పెర్‌క్లోరేట్ కలిపి పోత పోసిన ముద్ద అనీ, ఒకసారి అంటుకున్నాక మధ్యలో ఆపే వీలుండదనీ, అందుకే అంటించే ముందే అన్నీ సరిచూసుకోవాలనీ చెప్పారు. కౌంట్‌డౌన్ చివరి సెకన్లలో కూడా ఎందుకు ఆపుతారో ఆ అమ్మాయికి ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ మేలంతా రద్దీలో కొట్టుకుపోయే ప్రమాదం ఉందన్నది నిజమే. బడుల నుంచి బస్సుల్లో పిల్లలు గుంపులుగా వచ్చే వేళ, వరుస ఆగకుండా కదులుతూ ఉంటుంది, వెనకనుంచి తోపులాట, ఉపాధ్యాయుల తొందర, ఏ బల్ల దగ్గరా నిలవనివ్వరు. అందుకని తలుపులు తీయగానే, లేదంటే బడుల బృందాలు తిరుగుముఖం పట్టాక వెళ్లడం మేలు. అన్ని బల్లలూ చూడాలన్న పట్టుదల వదులుకుని, పెద్ద నమూనాల దగ్గర ఫొటోల కోసం నిలబడిన గుంపును దాటుకుని, మోటారు భాగాలు, ఇంధన దశల వంటి రెండు మూడు బల్లల దగ్గరే తీరిగ్గా గడపాలి. పీఎస్‌ఎల్‌వీలో ఘన, ద్రవ ఇంధన దశలను ఒకదాని తరువాత ఒకటిగా ఎందుకు పేర్చారన్న ఒక్క ప్రశ్న చాలు, అరగంట సంభాషణకు.

మూడో దారి కూడా ఒకటుంది. విద్యాసంస్థలు ముందుగా రాసి అనుమతి తీసుకుంటే, ప్రయోగాలు లేని రోజుల్లో విద్యార్థి బృందాలను షార్‌లోకి అనుమతిస్తారు. దొరికితే ఇదే అన్నిటికన్నా మేలైనది, కానీ కుటుంబంగా వెళ్లేవారికి ఇది కుదరదు కాబట్టి పోలికలో దీనికి ఎక్కువ చోటు ఇవ్వలేదు. మీ పిల్లల బడి ఇంతవరకు దరఖాస్తు చేయకపోతే ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి.

పదిహేనేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి నా ఓటు వారోత్సవాలకే. తేదీ ముందే ఖాయం, ఊరికి దగ్గర, ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి ఎదుట ఉంటారు. ఇప్పటికే రాకెట్ దశలు, కక్ష్యలు తెలిసినవారికీ, వాయిదా పడితే మళ్లీ రాగల సమయం, ఓపిక ఉన్నవారికీ గ్యాలరీయే తగినది. రెండూ వీలైతే అక్టోబరులో ప్రదర్శన చూసి, ఆ తరువాత వచ్చే ప్రయోగానికి పేరు నమోదు చేసుకోవాలి. నమోదు తెరిచిన కొద్దిసేపటికే చోట్లు నిండిపోవచ్చు కాబట్టి ప్రయోగం తేదీ వెలువడిన రోజు నుంచే షార్ వెబ్‌సైటును గమనిస్తూ ఉండాలి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి, తిరుగు రైలు టికెట్టు ప్రయోగం రోజుకు కాక మర్నాటికి తీసుకోవాలి.