విజయనగరం ఉక్కపోతలో మైక్రోకోంబ్ చిప్: రెండో లేజర్ వచ్చాకే నిలబడింది

మైక్రోకోంబ్ చిప్ అంటే ఒక లేజర్ కాంతిని సమాన అంతరాల్లో ఉండే ఎన్నో తరంగదైర్ఘ్యాల కాంతిగా మార్చే చిప్. మా దాంట్లో కాంతి తిరిగే సిలికాన్ నైట్రైడ్ రింగు, గీతల మధ్య 100 గిగాహెర్ట్జ్ అంతరం, దాన్ని నడిపే 1550 నానోమీటర్ల లేజర్ (పంపు). మిగతా వివరాలు డేటాషీట్‌లో చూసుకోవచ్చు. మా కాలేజీ ల్యాబులో చాలాకాలం వాడాక గట్టిగా చెప్పగలిగేది ఒకటే: ఎదురు దిశలో రెండో లేజర్ పెట్టే వీలు లేకపోతే ఈ చిప్ జోలికి వెళ్లకండి.

ఒక్క పంపుతో సాలిటాన్ (ఆకారం చెదరకుండా రింగులో తిరిగే కాంతి స్పందన) పుడుతుంది, కానీ బతకదు. పంపు తరంగదైర్ఘ్యం పెంచుతూ రెజొనెన్స్ (రింగు కాంతిని బాగా నింపుకునే తరంగదైర్ఘ్యం) దాటించగానే రింగులో కాంతి శక్తి పడిపోతుంది. రింగు చల్లబడి, రెజొనెన్స్ పొట్టి తరంగదైర్ఘ్యం వైపు జరిగిపోయి పంపుకి అందకుండా పోతుంది. ఆసిల్లోస్కోపులో సాలిటాన్ ఒక మెట్టులా కనిపిస్తుంది, ఆ మెట్టు ఉండేది మైక్రోసెకన్లే. చేత్తో తిప్పి పట్టుకోలేం.

రెండో లేజర్‌ను సర్క్యులేటర్ (ఎదురెదురుగా వచ్చే కాంతిని వేరుచేసే పరికరం) గుండా ఎదురుగా పంపి, మరో రెజొనెన్స్‌కి పొట్టి తరంగదైర్ఘ్యం వైపున నిలపాలి. రింగు చల్లబడితే ఆ రెజొనెన్స్ దానికి దగ్గరవుతుంది. లోపలికి ఎక్కువ కాంతి చేరి, పోయిన వేడిని పూడుస్తుంది. ఇప్పుడు పంపును నెమ్మదిగా తిప్పినా మెట్టు నిలుస్తుంది! తర్వాత కాస్త వెనక్కి తిప్పుతూ వస్తే సాలిటాన్లు ఒక్కొక్కటే రాలి, ఒకటి మిగిలినప్పుడు స్పెక్ట్రమ్ నున్నగా గంట ఆకారంలోకి వస్తుంది. చిప్ అంచుల్లో ప్రతిఫలించిన రెండో లేజర్ కాంతి అవుట్‌పుట్‌లో కలుస్తుంది, ఫిల్టర్ తప్పనిసరి.

రెండో లేజర్ ఉంటే ఇదంతా స్విచ్ వేసినంత సులువు అనిపించవచ్చు, కానీ అది డిసెంబరు, జనవరి నెలల మాట. రోహిణి కార్తెలో కరెంటు పోయి ఏసీ ఆగితే, చిప్ ఉష్ణోగ్రతను నిలిపే, యూపీఎస్ మీదున్న చిన్న కూలర్ మాత్రం చిప్‌ని 25 డిగ్రీల దగ్గరే ఉంచుతుంది. గాలిలో తేమ అంతకంటే ఎక్కువ ఉష్ణోగ్రతకే నీరుగా మారే రోజులవి. చిప్ అంచు చెమర్చి కప్లింగ్ (చిప్‌లోకి చేరే కాంతి వంతు) పడిపోతుంది, అదే సమయంలో పంపు కాంతిని పెంచే యాంప్లిఫయర్ పూర్తి పవర్‌లో ఉంటే అంచు మాడే ప్రమాదం ఉంది. అందుకే కూలర్ సెట్‌పాయింట్ 35 డిగ్రీలకి మార్చాం. డిగ్రీకి సుమారు 2.5 గిగాహెర్ట్జ్ చొప్పున రెజొనెన్స్ 25 గిగాహెర్ట్జ్ జరిగింది, లేజర్లను ఆ మేరకు సర్దితే సరిపోయింది. క్యూ విలువ (రింగు కాంతిని ఎంత బాగా పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) కోటి ఉన్న రింగు రెజొనెన్స్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ లోపే. అంటే డిగ్రీలో వందో వంతు తేడా చాలు, రెజొనెన్స్ తన వెడల్పు కంటే ఎక్కువే జరుగుతుంది. చవక ఉష్ణోగ్రత కంట్రోలర్ పనికిరాదు.

మాకు ట్యూనబుల్ లేజర్ ఇంకొకటి ముందే ఉంది కాబట్టి ఖర్చు కలిసొచ్చింది. లేజర్లు రెండూ కొత్తగా కొనాల్సినవాళ్లు మాత్రం లేజర్ డయోడ్‌ను నేరుగా రింగుకి లాక్ చేసే మాడ్యూళ్లనూ ఒకసారి బేరం చేసి చూడండి.