పేపర్ పక్కన మూడు అంకెలు: ఏది చూడాలి?

మొన్న మా తమ్ముడి కూతురు అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) మీద ఒక పరిశోధన పేపర్ లింకు పంపింది. "పెదనాన్నా, ఆల్ట్‌మెట్రిక్ స్కోరు 900 దాటింది, సెమినార్‌కి ఇదే తీసుకుంటున్నా" అంది. పేపర్ పక్కన రంగురంగుల చేతిగాజులాంటి బొమ్మ, మధ్యలో ఆ అంకె: వార్తల్లో, బ్లాగుల్లో, ట్వీట్లలో ఆ పేపర్ గురించి ఎంత మాట్లాడుకున్నారో చెప్పే స్కోరు. కాస్త కింద సైటేషన్లు (వేరే పేపర్లు దీన్ని ఎన్నిసార్లు ప్రస్తావించాయో ఆ లెక్క), వ్యూస్.

వ్యూస్‌తో పెద్దగా పనిలేదు. తెరిచి వెంటనే మూసేసినా ఒకటి పెరుగుతుంది.

గాజు సంగతి వేరు. ఎరుపు వార్తలది, పసుపు బ్లాగులది, లేత నీలం ట్వీట్లది. అన్నిటికీ ఒకే తూకం ఉండదు. సుమారుగా వార్తకి 8, బ్లాగుకి 5, వికీపీడియాకి 3, ట్వీటుకి పావు. అంటే ఒక్క వార్త 32 ట్వీట్లకి సమానం. యూనివర్సిటీ వదిలిన ప్రెస్ నోట్‌ని పది సైట్లు మక్కీకి మక్కీ దించేస్తే చాలు, స్కోరు 80 దాకా పోతుంది. ఆ పది మందిలో పేపర్ చదివినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అంటే అనుమానమే. ఇక మన ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే 'మతిమరుపుకి మందు దొరికింది' ఫార్వర్డులు ఈ లెక్కలోకి రానే రావు. వాట్సాప్ లోపల ఏం జరుగుతుందో దానికి కనపడదు.

మరి సైటేషన్లు నయమా? చాలా ఏళ్లు నేనూ అలాగే అనుకున్నాను. 2006లో నేచర్ పత్రికలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ల పేపర్ ఒకటి వచ్చింది. ఎలుకల మెదడులో దొరికిన ఒక రకం అమిలాయిడ్ ప్రోటీన్ జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తోందని దాని సారాంశం. పదహారేళ్లపాటు సైటేషన్లు పెరుగుతూనే పోయాయి. 2022 జులైలో 'సైన్స్' అనే పత్రిక అందులోని చిత్రాల మీద అనుమానాలు బయటపెట్టింది. 2024 జూన్‌లో పేపర్‌ని వెనక్కి తీసుకునేసరికి సైటేషన్లు 2,500కి దగ్గరపడ్డాయి. అంకె ఒక్కటే చూస్తే అది మహా పేపర్!

స్కోరు కూడా పొగడ్తనీ తిట్టునీ ఒకే గంపలో వేస్తుంది. పరువు పోయిన రోజున కూడా అది పెరుగుతుంది. కానీ గాజు మీద నొక్కితే ఎవరేమన్నారో వరసగా కనిపిస్తుంది, అందుకే నేను అటే మొగ్గుతాను. వార్తల హెడ్డింగులు చదవొచ్చు, పేపర్లలోని తప్పుల్ని చర్చించే పబ్‌పియర్ సైట్‌లో ఎవరైనా పేపర్‌లోని బొమ్మల్ని తప్పుపట్టి ఉంటే అదీ దొరుకుతుంది. సైటేషన్లలో ఆ సంగతి తెలుసుకోవాలంటే ఒక్కో పేపర్ తెరిచి, వీళ్లు దీన్ని వాడుకున్నారా, విమర్శించారా, మర్యాదకి ఒక ముక్క రాసి వదిలేశారా అని చూడాలి. అంత ఓపిక ఎవరికుంటుంది?

కాబట్టి పేపర్ కొత్తదైతే గాజు తెరుస్తాను, అంకెని పట్టించుకోను. అప్పటికి సైటేషన్లు ఎలాగూ ఉండవు. నాలుగైదేళ్ల పాతదైతే సైటేషన్లు చూస్తాను, అది కూడా వేరే ల్యాబ్ వాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేసి అదే ఫలితం తెచ్చారా అన్నంతవరకే.

అమ్మాయి పంపిన పేపర్‌కి గాజు తెరిచి చూశాం. దాదాపు అంతా ఎరుపే, హెడ్డింగులన్నీ ఒకే వాక్యం.

"ఇంతకీ ఎన్ని ఎలుకల మీద చేశారమ్మా?" అన్నాను.

"ఉండండి పెదనాన్నా, పీడీఎఫ్ ఇంకా తెరవలేదు."