కోలా, స్ట్రాస్‌బర్గా, వీలరా: 2019 చలికాలంలో ఎవర్ని కొన్నోళ్లు బాగుపడ్డారు?

2023 డిసెంబర్ ఆక్షన్‌లో మన సన్‌రైజర్స్ వాళ్లు పాట్ కమిన్స్‌ని 20.50 కోట్లకి కొంటే మా వాట్సాప్ గ్రూప్‌లో అందరూ నోళ్లు వెళ్లబెట్టారు, నాకేమో అమెరికా బేస్‌బాల్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. అక్కడ ఫ్రీ ఏజెంట్ (పాత కాంట్రాక్ట్ అయిపోయి ఏ టీమ్‌కైనా వెళ్లగలిగే ఆటగాడు) పిచ్చర్‌ని, అదే బంతి విసిరేవాణ్ని, సైన్ చేస్తే కాంట్రాక్ట్ ఏడేళ్లు, తొమ్మిదేళ్లు కూడా ఉంటుంది, డబ్బంతా గ్యారంటీ, సర్జరీ అయినా సరే బంతి ముట్టుకోకపోయినా సరే జీతం పడుతూనే ఉంటుంది. అందుకే టీములు అంత తల బద్దలు కొట్టుకుంటాయి.

దీనికి 2019 డిసెంబర్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒకే చలికాలం, మార్కెట్లో ముగ్గురు.

గెరిట్ కోల్, 29 ఏళ్లు. ఆ సీజన్లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి 326 స్ట్రైకౌట్లు, అంటే మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చెయ్యడం, ఈఆర్ఏ 2.50, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి, ఒక పూర్తి మ్యాచ్ అనుకోండి, ఇచ్చింది రెండున్నర పరుగులే. న్యూయార్క్ యాంకీస్ 9 ఏళ్లకి 324 మిలియన్ డాలర్లు రాసిచ్చారు.

స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్, 31 ఏళ్లు. కోల్ ఉన్న ఆస్ట్రోస్‌నే వరల్డ్ సిరీస్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, ఓడించిన వాషింగ్టన్ నేషనల్స్ హీరో, ఆ సిరీస్‌లో ఎంవీపీ, అంటే బెస్ట్ ప్లేయర్. పాత కాంట్రాక్ట్‌లో ఇంకా నాలుగేళ్లు, 100 మిలియన్లు మిగిలుంటే వద్దని బయటికొచ్చి అదే టీమ్‌తో 7 ఏళ్లకి 245 మిలియన్లు రాయించుకున్నాడు. ఇద్దరికీ ఏజెంట్ ఒక్కడే, స్కాట్ బోరస్, డీల్స్ రెండూ ఒక్కరోజు తేడాలో, ఆయనకి ఆ వారం సంక్రాంతే అనుకోండి.

మూడోవాడు జాక్ వీలర్, 29 ఏళ్లు. న్యూయార్క్‌లోనే ఇంకో టీమ్ మెట్స్‌లో 11 గెలుపులు, 8 ఓటములు, ఈఆర్ఏ 3.96. వీళ్లిద్దరి పక్కన పెడితే చప్పగా ఉంటుంది కదా? ఫిలడెల్ఫియా టీమ్ ఫిల్లీస్ 5 ఏళ్లకి 118 మిలియన్లు ఇస్తే "ఇతనికి ఇంతా" అన్నోళ్లు చాలామందే.

సంతలో ఎద్దుని కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూస్తారు, పోయినేడు ఎన్ని ఎకరాలు దున్నిందో విని డబ్బులిచ్చెయ్యరు. నేషనల్స్ చేసింది ఆ రెండోదే అని నా ఫీలింగ్. స్ట్రాస్‌బర్గ్ మోచేతికి 2010లోనే టామీ జాన్ సర్జరీ అయింది, తెగిన లిగమెంట్ ప్లేస్‌లో ఒంట్లో ఇంకోచోట నుంచి టెండన్ తీసి కుడతారు, మళ్లీ పిచ్ మీదకి రావడానికి ఏడాదికి పైనే పడుతుంది. 2012లో ప్లేఆఫ్స్ ముందర ఆ చెయ్యి కాపాడుకోవాలనే అతన్ని కూర్చోబెట్టేశారు కూడా. అలాంటోడు 2019లో ప్లేఆఫ్స్‌తో కలిపి 245 ఇన్నింగ్స్ వేశాడు. 245 ఇన్నింగ్స్, 245 మిలియన్లు, కావాలని కుదిర్చినా ఇలా కుదరదు! ఆ డబ్బు ముందు ఆడబోయేదానికి కాదు, గెలిపించిన కప్పుకి ఇచ్చిన బహుమతి అనిపిస్తుంది నాకు.

తర్వాతేమైందంటే మెడకీ భుజానికీ మధ్య నరాలు నలిగిపోయే జబ్బొచ్చింది, థొరాసిక్ ఔట్‌లెట్ అంటారు, 2021లో పక్కటెముక ఒకటి తీసేశారు. కొత్త కాంట్రాక్ట్ మీద మొత్తం ఎనిమిది మ్యాచ్‌లు, 31 ఇన్నింగ్స్ చిల్లర, అంతే, 2024లో రిటైర్మెంట్. లెక్కేస్తే ఇన్నింగ్స్‌కి 78 లక్షల డాలర్లు పడింది, రూపాయల్లోకి మార్చాలంటే భయమేసి మానేశా.

ఆ 2019 చలికాలంలోనే నేషనల్స్ ఓనర్ స్ట్రాస్‌బర్గ్, బ్యాటర్ ఆంథనీ రెండన్‌లలో ఒక్కణ్నే ఉంచుకోగలం అన్నాడు, రెండన్ లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ టీమ్‌కి పోయాడు, అదీ 7 ఏళ్లకి 245 మిలియన్లే, అతనూ దెబ్బలతో డగౌట్‌లోనే గడిపాడు. ముందు నుయ్యి వెనక గొయ్యి.

వీలర్ కూడా ఏమీ గట్టి సరుకు కాదు కాగితం మీద, అతనికీ టామీ జాన్ అయ్యి 2015, 2016 రెండు సీజన్లూ పోయాయి. కానీ 2018, 2019 రెండేళ్లు వరసగా 180 ఇన్నింగ్స్ పైనే వేశాడు, స్పీడ్ తగ్గలేదు, ఈఆర్ఏ పక్కన పెట్టి ఆ చెయ్యిని చూసినోళ్లకి సరుకు కనపడింది. భార్య వాళ్లది న్యూజెర్సీ కావడంతో ఎక్కువిస్తామన్న చికాగో వైట్‌సాక్స్‌ని కూడా వద్దనుకున్నాడు. ఆ ఐదేళ్లలో 830 ఇన్నింగ్స్ దగ్గర్లో వేశాడు, బెస్ట్ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డ్‌కి రెండుసార్లు రెండో స్థానం, 2022లో టీమ్ వరల్డ్ సిరీస్ దాకా. ఇన్నింగ్స్‌కి లక్షన్నర డాలర్ల లోపే.

మరి కోల్? ఇక్కడ నాకే ఒక మాట మీద నిలబడటం కష్టం. 2001 వరల్డ్ సిరీస్ అప్పుడు పిల్లాడిగా స్టాండ్స్‌లో పట్టుకున్న "ఎప్పటికీ యాంకీస్ ఫ్యాన్‌నే" అనే అట్టని దాచుకుని 18 ఏళ్ల తర్వాత సైనింగ్ ప్రెస్‌మీట్‌కి తెచ్చి చూపించాడు, అది చూసి కరగనోడు ఉండడు. 2023లో సై యంగ్ ఏకగ్రీవంగా వచ్చింది. కానీ 2024 వరల్డ్ సిరీస్ ఐదో మ్యాచ్ ఉంది చూడండి, డాడ్జర్స్ మీద 5-0 లీడ్, ఫీల్డర్లు రెండు ఎర్రర్లు చేసినా బేస్‌లు ఫుల్‌గా, అంటే మూడు బేస్‌ల మీదా రన్నర్లు ఉండగా, వాళ్ల బ్యాటర్లు లక్స్‌నీ ఒటానీనీ స్ట్రైకౌట్ చేశాడు, తర్వాత మూకీ బెట్స్ కొట్టిన మెల్లటి బంతి మొదటి బేస్ కాసే ఫీల్డర్ వైపు దొర్లుతోంది, కోల్ పరిగెత్తి బేస్ దగ్గర నిలబడి బంతి అందుకుంటే మూడో ఔట్, ఇన్నింగ్స్ అయిపోయేది, అది పోయి నువ్వే చూస్కో అన్నట్టు వేలు చూపించి ఆగిపోయాడు. ఆ ఇన్నింగ్స్‌లో ఐదు పరుగులొచ్చాయి, మ్యాచ్ పోయింది, కప్పు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి. 324 మిలియన్లు ఇచ్చి కొన్నవాడు పది అడుగులు పరిగెత్తలేదని మా బావ ఇప్పటికీ తిడతాడు, ఆయన న్యూజెర్సీలో ఉంటాడు, మొత్తం యాంకీస్ టోపీల మనిషి.

అయినా యాంకీస్ నష్టపోయారంటే నేనొప్పుకోను, వాళ్ల దగ్గర డబ్బుంది, మొదటి ఐదేళ్లలో నాలుగేళ్లు పూర్తి సరుకు వచ్చింది. అదే డీల్ నేషనల్స్ లాంటి టీమ్ చేసుంటే ఆ చివరి ఏళ్లు మెడకి బండే. పర్స్ చిన్నదైతే వీలర్ దారి, అదీ ఐదేళ్లకి ఒక్క రోజు ఎక్కువ వద్దు. కప్పు గెలిపించినోడికి మాత్రం దండేసి, శాలువా కప్పి, చెక్‌బుక్ ఇంట్లో పెట్టి రావాలి.

యాంకీస్ కూడా తర్వాత ఇదే నేర్చుకున్నట్టుంది. 2024 నవంబర్‌లో కోల్ కాంట్రాక్ట్ నుంచి బయటికొచ్చే క్లాజ్ వాడాడు, ఇంకో ఏడాది, 36 మిలియన్లు కలిపితే ఉండిపోతాడు. వాళ్లు కలపం అన్నారు, అతనే పాత నాలుగేళ్లకి తిరిగొచ్చాడు. నాలుగు నెలలు తిరగ్గానే మార్చిలో అతని మోచేతికీ టామీ జాన్ అయింది, 2025 సీజన్ మొత్తం పాయె.